లాభము, రెండు, మూడు: నల్లగొండ, పాలమూరు సీమల కొలత కథ

పంట నూర్చి, తూర్పారబట్టి, కళ్ళము నడుమ రాశి పోసిన పిమ్మట, ఆ రాశికి మ్రొక్కి కుంచము చేతబట్టినవాడు తొలి కొలతను గోనెలో పోయుచు 'ఒకటి' అనడు, 'లాభం' అనును. తరువాతి కుంచమునకు 'రెండు', ఆపైదానికి 'మూడు'. అంకెలలో మొదటిదానిని తొలగించి దాని స్థానమున ఒక ఆశను నిలిపిన ఈ లెక్క తెలుగునాట పలుతావుల వినబడునదే యైనను, నేను దానిని బాల్యమున నల్లగొండ పల్లెల కళ్ళములలో వింటిని. ఆ లాభ మెవరిదని అడుగవలెనన్న ఊహ అప్పుడు కలుగలేదు. వయసు వచ్చి, ఆ రాశి చుట్టును నిలిచిన వారెవరో, ఎవరి గోనెలోనికి ఎన్ని కుంచములు పోయినవో, చివరకు నేలనంటి మిగిలిన గింజలను చేటతో ఎత్తుకొని యింటికి పోయినదెవరో తెలిసికొన్న పిదప, ఆ మాటను మరల వినినప్పుడెల్ల నా మనస్సు కలత చెందుచునే యున్నది.

ఆహారమును కొనుక్కొని తినువారు దానిని పండించినవానికి న్యాయమైన వెల ముట్టినదా యని విచారించుట మంచిదని నేడు పట్టణములలో పలువురు చెప్పుచున్నారు. ఆ మాట ఆదరణీయమే. కాని మా మెట్టసీమ చరిత్రను కొంత పరిశీలించినవాడనగుటచే నాకొక నిశ్చయము కలిగినది: ఇచ్చట రైతు నష్టపోయినది ధరచేత ఎంతయో, కొలతచేత అంతకంటె నెక్కువ. ధర పదిమంది నోట నలుగును, దానిపై తగవు పడవచ్చును. కొలత మౌనముగా జరుగును. కుంచమో కాంటాయో ఎదుటివాని చేతిలో నుండును. రైతు చేతులు కట్టుకొని చూచుచుండును.

నల్లగొండకు పూర్వనామము నీలగిరి. మహబూబునగరమును నేటికిని జనులు పాలమూరనియే పిలుతురు. 1890లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరు దానికి పెట్టబడినది. కృష్ణ ఈ రెండు ఉమ్మడి జిల్లాల దక్షిణపుటంచును ఒరసికొనుచు పారుచున్నను, నది లోతునను నేల ఎత్తునను ఉండుటచే, శతాబ్దముల తరబడి ఆ నీరు ఈ నేలను తడుపలేదు. చల్కనేలలలో జొన్న, సజ్జ, కొర్ర, కంది. వానలు మోసగించిన యేడును ఎంతో కొంత చేతికి వచ్చు ఆముదము. చెరువుల క్రింద మాత్రము కొద్దిపాటి వరి. తిండిగింజ ఇంటికి, ఆముదము బజారునకు. శిస్తు నగదుగా కట్టవలసివచ్చిన దినములలో ఆముదమే రైతునకు రూపాయి. ఆ రూపాయియును నిజాం నాణెమైన హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు ఈడు. సరిహద్దున కర్నూలు వైపు వ్యాపారము చేయువారికి ఈ మారకమునందును కొంత తరుగు తప్పలేదు.

ఇక కొలతలు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి: ఈ పట్టికను మా తాతల తరము ఎక్కాలవలె వల్లించెడిది. తూకమునందు సేరు, మణుగు. నూటయిరువది సేర్లు ఒక పల్లా. పట్టిక ఊరూరను ఒకటే. పాత్ర మాత్రము ఊరూరను వేరు. ఒక ఊరి మానికెడు బియ్యమును ప్రక్క ఊరి మానికలో పోసిన, అంచు దాటి పొర్లవచ్చును, లేదా రెండు వ్రేళ్ళ వెలితి మిగులవచ్చును. అదియును గాక, ఒకే పాత్రతోనే రెండు విధముల కొలువవచ్చును. అంచునకు సమముగా అరచేత తుడిచి కొలుచుట ఒకటి. అంచుపై గింజలు శిఖరమువలె నిలిచి, జారునవి జారగా, ఇక నిలువవనువరకు పోసి కొలుచుట మరియొకటి. నేను ఒకసారి పాత యిత్తడి మానికతో కందులను ఈ రెండు రీతులను కొలిచి చూచితిని. శిఖరముగా పోసిన దానిలో తుడుపుకొలతకంటె రెండు పిడికిళ్ళు అధికముగా వచ్చినవి. రెండు పిడికిళ్ళే కదా యని తోచవచ్చును. పుట్టికి ఎన్ని మానికలో పై పట్టికను చూచి పాఠకులే లెక్కించుకొందురు గాక.

ఈ రెండు రీతుల కొలతయును ఒకే యింట, ఒకే సంవత్సరమున, ఒకే రైతునకు ఎదురైనది నాగు వ్యవహారమున. ఆషాఢమున విత్తనములకో, తిండికో గింజలు లేని రైతు సావుకారు గడపకో దొర గడికో పోయి గింజలు నాగుకు తెచ్చుకొనెడివాడు. నాగనగా ధాన్యమునకు ధాన్యమే వడ్డీగా తీర్చు ఋణము. తెచ్చినది పుట్టెడైన, పంటకాలమున పుట్టెడున్నర తీర్చవలెను. అనగా నాలుగైదు నెలలకే నూటికి యాబది వడ్డీ. ఆ యేడు తీర్చలేకపోయిన, ఒకటిన్నర అసలై, దానిపై మరల సగము పెరుగును. ఇచ్చునపుడు తుడుపుకొలత, పుచ్చుకొనునపుడు శిఖరపుకొలత యని మా ప్రాంతపు వృద్ధులు చెప్పని పల్లె లేదు. ఇంకొక సూక్ష్మము కలదు. గింజలు ప్రియముగా నున్న వానకాలమున అప్పు, గింజలు చౌకపడిన కోతకాలమున చెల్లింపు. కనుక వెలను బట్టి చూచినచో సావుకారునకు లాభము తగ్గినట్లు తోచును. కాని వాడు ఆ గింజలను పాతరలో దాచి మరుసటి ఆషాఢమువరకు వేచియుండగలడు. వేచియుండుటకు రైతునకు శక్తి లేదు. ఈ ఒక్క భేదము మీదనే గడులు లేచినవి.

కొనువాని బలము అధికారబలమైనప్పుడు ధరయే లేకుండ పోయెడిది. నిజాం రాజ్యమున దౌరాపై పల్లెలకు వచ్చు అధికారులకును వారి పరివారమునకును కావలసిన బియ్యము, పప్పు, నేయి మొదలగునవి ఊరి కోమటులు సమకూర్పవలెను. వెల యిచ్చినచో సర్కారు నిర్ణయించిన 'నిర్ఖు' ప్రకారము ఇత్తురు, అది బజారు వెలకు తక్కువ. తరచుగా అదియును లేదు. గొల్లలు గొఱ్ఱెలను, కుమ్మరులు కుండలను, మాదిగలు చెప్పులను, నేతగాండ్రు బట్టలను దొరలకు ఊరకే యియ్యవలసియుండెను. వెట్టిని గూర్చి మాటలాడునపుడు మనము మనుష్యుల వెట్టినే తలంతుము. సరకునకును వెట్టి యుండెను.

దీనికి ఎదురుతిరిగిన తొలి ప్రయత్నము తుపాకులతో గాక చిన్న పుస్తకములతో జరిగినది. 1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్రజనసంఘము వెట్టిచాకిరిని గూర్చియు, వర్తక స్వాతంత్ర్యమును గూర్చియు చిరుపుస్తకములను ప్రకటించి, సరకునకు వెల పుచ్చుకొనుట అమ్మువాని హక్కని ఊరూర చాటినది. మాడపాటి హనుమంతరావుగారు ఈ పనికి నడుము కట్టినవారిలో అగ్రగణ్యులు. 1922లో నల్లగొండనుండియే షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారి సంపాదకత్వమున 'నీలగిరి' వారపత్రిక వెలువడెను. 1924లో ఆ సంఘమే విస్తరించి ఏర్పడిన ఆంధ్రజనకేంద్రసంఘ సమావేశము నల్లగొండలో జరిగెను. 1926లో పాలమూరు జిల్లా బిడ్డ సురవరము ప్రతాపరెడ్డిగారు 'గోలకొండ పత్రిక'ను స్థాపించిరి. ఆ సంఘమునుండి రూపొందిన ఆంధ్రమహాసభ ద్వితీయ సమావేశము 1931లో దేవరకొండలోను, మరియొకటి 1936లో షాద్‌నగరులోను జరుగుటనుబట్టి, ఈ రెండు జిల్లాలు ఆ యుద్యమమునకు ఎంత దగ్గరివో తెలియును. చరిత్రగ్రంథములలో గ్రంథాలయములకును మాతృభాషకును ఇచ్చినంత చోటు ఈ వర్తక స్వాతంత్ర్య వాదమునకు ఈయబడలేదు. ఇది నాకు కష్టముగా తోచును. చిన్న అంగడివాడును గొల్లవాడును తమ సరకునకు తగిన వెల యడుగుట పౌరహక్కుగా మొట్టమొదట ఇచ్చట ప్రకటితమైనది ఆ చిన్ని పుస్తకములలోనే.

ఇంతలో బజారు స్వరూపము మారుచుండెను. 1916లో సికింద్రాబాదునుండి గద్వాలవరకు రైలు వచ్చుటతో, దారిలోని జడ్చర్లకు ఆనుకొనియున్న బాదేపల్లి ఆముదములకును పల్లికాయకును పెద్ద సంత అయ్యెను. అప్పటి నల్లగొండ జిల్లాలో భువనగిరి, సూర్యాపేట అటువంటివి. రైతు బండి కట్టి రాత్రియెల్ల ప్రయాణముచేసి తెల్లవారుసరికి అడ్తి దుకాణము ముందు ఎద్దులను విప్పెడివాడు. అప్పటి క్రయవిక్రయ రీతి నేటివారికి వింతగా నుండును. కొనువాడును అడ్తిదారుడును తమ కుడిచేతులను ఒక రుమాలు క్రింద కలిపి, వ్రేళ్ళను నొక్కుటచేతనే వెల చెప్పుకొందురు. పైకి ఒక్క మాటయు వినబడదు. సరకు ఎవరిదో వాడు ఆ రుమాలు వైపు చూచుచు నిలుచుండును. తన ఆముదముల వెల తన కన్నుల యెదుటనే, తనకు తెలియకుండ నిర్ణయమగును.

రుమాలు బేరము ముగిసిన పిదప కోతలు. మచ్చు చూచుటకని వచ్చిన ప్రతి బేరగాడును కుప్పలో చేయి పెట్టి పిడికెడు తీయును. అది మరల కుప్పలో పడదు. దడవాయి తూచినందుకు కొంత, హమాలీ ఎత్తినందుకు కొంత, చేటతో చెరిగిన స్త్రీకి కొంత, తాలునకు కడ్తా, గోనెకు కడ్తా, గుడికో సత్రమునకో 'ధర్మము' పేర కొంత. వీరిలో హమాలీయు, చెరుగు స్త్రీయు నిజముగా కష్టపడినవారే, కూలి వారికి చెందవలసినదే. కాని ఆ కూలిని ఇయ్యవలసినవాడు కొనువాడా, అమ్మువాడా? ఎప్పుడును అమ్మువాడే యిచ్చెను. ధర్మమును రైతు గింజలతో చేసి, పుణ్యమును మాత్రము దుకాణము ఖాతాలో వ్రాసికొనిరి.

బజారులలోని ఈ యన్యాయమునకు చట్టముతో కట్టువేయు యత్నము నిజాం పేరు గల గడ్డమీదనే మొదలైనదని చెప్పవలెను. నిజామునకు చెందియు ఆంగ్లేయుల పాలనలో నున్న బేరారులోని కారంజాలో, హైదరాబాదు రెసిడెన్సీ ఉత్తరువుమేరకు 1886లో ఏర్పడిన పత్తి బజారే భారతదేశమున తొలి నియంత్రిత విపణి. 1897లో బేరారు పత్తి ధాన్య విపణుల శాసనము వచ్చినది. 1928లో వ్యవసాయపు రాయల్ కమిషను బజారు దురాచారములను ఎత్తిచూపిన పిదప, హైదరాబాదు సర్కారు 1339 ఫసలీ, అనగా 1930 ప్రాంతమున వ్యవసాయ మార్కెట్ల చట్టమును చేసినది. కొనువానికి లైసెన్సు, తూచువానికి లైసెన్సు, మార్కెటు కమిటీ: కాగితముమీద ఇది శ్లాఘనీయమైన శాసనము. కాని కమిటీ సభ్యుడగుటకు అక్షరములు కావలెను, తీరిక కావలెను, దొరముందు కూర్చుండు ధైర్యము కావలెను. ఈ మూడును ఆనాటి చల్కరైతునకు లేవు. చట్టము బజారు గోడల లోపల నుండెను, నాగు గడపలోనే నిలిచెను. నాగుకు తెచ్చిన రైతు పంట బజారు మొగము చూడకుండనే కళ్ళమునుండి గడికి పోయెడిది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున సర్కారే కొలత చేతబట్టెను. లెవీ, అనగా నిర్బంధ ధాన్యసేకరణ, వచ్చినది. పట్టణములకు తిండిగింజలు చేర్పవలెనన్న ఉద్దేశ్యము తప్పనరాదు. ఆకలిగొన్న నగరమునకు ధాన్యము కావలసినదే. అయితే ఎకరమునకు ఇంత యని కట్టిన ఆ లెక్క పంట పండెనా లేదా యని చూడలేదు; ఇచ్చిన వెల బజారు వెలకు తక్కువ; వేల యెకరములున్న దేశముఖులు గిర్దావరులను వశపరచుకొని తప్పుకొనగా, ఆ భారము చిన్నరైతు గాదెపై పడెను. ఇంట దాచిన గింజలకై తలుపులు పగులగొట్టిన ఉదంతములు ఆనాటివారి నోట ఇప్పటికిని వినవచ్చును. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ సమావేశమై సంఘము పల్లెపల్లెకు వ్యాపించిన పిమ్మట, వెట్టితోపాటు లెవీని ధిక్కరించుటయే నల్లగొండ రైతుల తొలి పోరాటములలో ముఖ్యమైనది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటినుండి జరిగిన సాయుధసమరమును ఇచ్చట తిరిగి వర్ణింపను. అది తెలియని తెలుగువాడుండడు. ఆ సమరములో భూమి మాట పైకి వినబడినది, గింజల కొలత మాట క్రిందనుండి పలికినది. అంతమాత్రము జ్ఞప్తి చేయుచున్నాను.

స్వాతంత్ర్యానంతరము కొలత మారినది. 1956 చట్టమునుబట్టి 1958నుండి క్రమముగా కిలోగ్రాము వచ్చి, సేరును, పల్లాను తుడిచివేసినది. ఊరికొక మానిక యను దురవస్థ పోయినది. ఇది చిన్న మేలు కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలబడగా, ఎడమకాలువ క్రింది మిర్యాలగూడ, హుజూర్‌నగరు సీమ జొన్నలు మరచి వరి పండించెను. మిర్యాలగూడ చుట్టును బియ్యపు మిల్లులు లేచెను. 1965లో భారత ఆహారసంస్థయు వ్యవసాయధరల కమిషనును ఏర్పడి మద్దతుధర యను మాటను తెచ్చినవి. నిర్ఖును విధించిన సర్కారే ఇక రైతు పక్షమున కనీసపు వెలను ప్రకటించుట నిజముగా గొప్ప పరివర్తనము. కాలువకు ఎత్తుననున్న దేవరకొండ, పాలమూరు మెట్టలకు మాత్రము ఈ భాగ్యము చిరకాలము దక్కలేదు. అచ్చటి రైతు కోతకాలపు చౌకవెలకు పంటనమ్మి, అప్పు తీరక, మేస్త్రీ వెంట కూలికి పోయి దేశపు ఆనకట్టలను కట్టెను. పాలమూరు కూలి యను పేరు అట్లు పుట్టినది.

మద్దతుధర ప్రకటితమైన చోటులందైనను పాత రోగము సమూలముగా పోలేదు. 2024-25లో మేలురకపు వడ్లకు క్వింటాలుకు 2,320 రూపాయలు మద్దతుధర. తేమ నూటికి 17 పాళ్ళకు మించరాదు. వడ్లు నలుబది కిలోల బస్తాలలో కాంటా వేయబడును. బస్తాకు ఒక్క కిలో తరుగు పేర అదనముగా తూచినచో రైతు కోల్పోవునది 23 రూపాయల 20 పైసలు. రెండువందల బస్తాల రైతునకు అది 4,640 రూపాయలు. క్వింటాలు ధరలో ఒక్క రూపాయి తగ్గలేదు, పత్రికలలో అచ్చయిన మద్దతుధర చెక్కుచెదరలేదు, కొలతలోనే పోయినది. ఈ తరుగుపై రైతుల గోడు ప్రతి కోతకాలమునను పత్రికలకెక్కుచునే యున్నది. మహిళాసంఘముల చేతికి కొనుగోలు కేంద్రములు వచ్చిన పిదప కొన్ని తావుల కాంటా యెదుట రైతు నోరు విప్పగల్గెనని నేను చూచితిని. అది ఆ స్త్రీల గొప్పతనము.

ఇక కొని తినువారి పాత్ర. 1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున నేతపనివారు మొదలగు ఇరువది యెనమండుగురు పేదలు కూడి చిన్న అంగడి తెరచి పిండి, వెన్న, చక్కెర అమ్మిరి. వారు పెట్టుకొన్న నియమములలో కల్తీలేని సరకు, నిండైన తూకము ముఖ్యములు. సహకారోద్యమమునకు మూలమని లోకమంతయు గౌరవించు ఆ అంగడియును కొలతతోనే మొదలైనది. అప్పటి ఉమ్మడి రాష్ట్రమున 1999 జనవరి 26న రైతుబజారులు తెరచినపుడు, గుర్తింపుకార్డున్న రైతే స్వయముగా కూరగాయలు తెచ్చి అమ్మునట్లు, వెల మాత్రము టోకుధరకంటె కొంత యెక్కువగాను చిల్లరధరకంటె కొంత తక్కువగాను ఉండునట్లు ఏర్పాటు చేసిరి. అమ్మువాడును కొనువాడును రుమాలు లేకుండ ఒకరి మొగమొకరు చూచుకొను బజారు ఇది.

మొగము చూచినంతమాత్రమున న్యాయము జరుగునా? నల్లగొండ అంగడిలో ఒకనాడు జరిగినది చెప్పెదను. గోనెపట్టాపై వంకాయలు పోసికొని, తరాజు ముందు పెట్టుకొని కూర్చున్న ఒక ముసలామె వద్ద కిలో వంకాయలు తూయించుకొంటిని. ముల్లు నా వైపునకే వ్రాలియుండెను. సంచి పట్టుకొనుచు, అందరికిని అలవాటైన మాటయే అంటిని: "ఇంకో నాలుగు కాయలు వెయ్యి అవ్వా." ఆమె కోపింపలేదు. నాలుగు కాయలు వేసినది. వేసి, పట్టాపై రాలిన తొడిమలను చేతితో ఒక ప్రక్కకు త్రోయుచు, "ఏస్త గని బిడ్డా, పొద్దుగాల్నించి అందరు గదే మాటంటున్నరు. గా నాలుగు కాయలన్ని ఒక్కతాన పోస్తే తట్టెడైతయి. గా తట్టెడే నాకు మిగిలేది," అన్నది. నేను ఆ కాయలను మరల తరాజులో పెట్టబోగా పుచ్చుకొనలేదు; ఇచ్చినది తిరిగి తీసికొనుట ఆమెకు మర్యాదగా తోచలేదు. వాని వెల ఇచ్చి వచ్చితిని.

కొసరు మన ఇండ్లలో నేర్పరితనముగా చెల్లుబాటగుచున్నది. ఒకనాడు కొసరు సంపన్నుడైన కోమటి అంగడిలో కొన్నవానికి మురిపెముగా ఇచ్చినదై యుండవచ్చును. దానిని చేను దున్నినవాని వద్ద అడుగుట మాత్రము నాకు శిఖరపుకొలతగానే కానవచ్చుచున్నది. కుంచము గడినుండి మన సంచిలోనికి వచ్చినది. అద్దాల దుకాణములలో ముద్రించిన ధరకు మారుమాటాడక చెల్లించి, బయట ఎండలో కూర్చున్నవారి తరాజు ముల్లును చూచి పోట్లాడువారిని నేను నిత్యము చూచుచున్నాను. నల్లగొండ బత్తాయి తోటనుండి టన్నుల లెక్కన కదలునపుడు కాయ రాలుడని, పండుబారినదని ఎన్ని కోతలు పడునో, అదే కాయను దుకాణములో కిలోల లెక్కన కొనునప్పుడు ఒక్కటియు మన లెక్కలోనికి రాదు.

పాఠకులకు ఒక మనవి. నల్లగొండ, పాలమూరు పల్లెలలో మీ యిండ్ల అటకలమీద, పూజగదులలో, పాతసామానుల నడుమ ఇత్తడి మానికలు, ఇనుపకట్లు గల కొయ్య కుంచములు, అడ్డలు ఇంకను కొన్ని మిగిలియున్నవి. వానిని తూకమునకు అమ్మివేయకుడు. ఒక్కొక్కదానిని నీటితో నింపి, అందు ఎన్ని లీటర్లు పట్టినదో, అది ఏ యూరిదో, ఎవరి యింటిదో, ఇచ్చుటకు వాడినదో పుచ్చుకొనుటకు వాడినదో, ఇంటి పెద్దలను అడిగి ఒక కాగితముపై వ్రాసి దానిలోనే పెట్టియుంచుడు. చెప్పగలిగిన పెద్దలు ఇప్పుడు ఊరికి ఇద్దరు ముగ్గురే యున్నారు.